మంచాన పడిన రోగికి ఇంట్లో ఎవరు కావాలి? ఆయమ్మ, ఏఎన్‌ఎం, స్టాఫ్ నర్సుల మధ్య ఎంపిక

పక్షవాతం వచ్చిన తండ్రినో, తుంటి ఎముక విరిగి ఆపరేషన్ చేయించుకున్న తల్లినో రేపు ఇంటికి తీసుకువెళ్ళవచ్చునని డాక్టరు చెప్పగానే కుటుంబమంతా ఊపిరి పీల్చుకుంటుంది. ఆ రాత్రే అసలు ప్రశ్న మొదలవుతుంది. వార్డులో మూడు షిఫ్టుల సిస్టర్లు, ఆయమ్మలు, వార్డు బాయ్‌లు, డ్యూటీ డాక్టరు పంచుకుని చేసిన పనంతా మర్నాటి నుంచి ఒక పడకగదిలో, ఒకరిద్దరి చేతుల మీదుగా జరగాలి. తిరుపతిలో స్విమ్స్, రుయా, బర్డ్ వంటి పెద్ద ఆసుపత్రులు ఉండడం వల్లా, చిత్తూరు నుంచి వేలూరు సీఎంసీ గంట ప్రయాణంలోనే ఉండడం వల్లా క్లిష్టమైన చికిత్స ఈ ప్రాంతం వారికి అందుబాటులోనే ఉంది. ఆ చికిత్స ముగించుకుని పుత్తూరుకో, పలమనేరుకో, శ్రీకాళహస్తికో తిరిగి వచ్చిన మనిషిని చూసుకునే ఏర్పాటును మాత్రం ప్రతి ఇల్లూ తనంతట తానే వెతుక్కోవలసి వస్తోంది.

తెలిసినవారికి నాలుగు ఫోన్లు చేస్తే, లేదా ఒక ఏజెన్సీని అడిగితే, ఎవరో ఒకరు వస్తారు. వచ్చిన మనిషి కొన్ని నెలల శిక్షణ మాత్రమే పొందిన సహాయకురాలు కావచ్చు, రెండేళ్ళ ఏఎన్‌ఎం కోర్సు చదివినవారు కావచ్చు, జీఎన్‌ఎం లేదా బీఎస్సీ నర్సింగ్ పూర్తిచేసిన స్టాఫ్ నర్సు కావచ్చు. వేసుకునే యూనిఫారం చాలాసార్లు ఒకేలా ఉంటుంది గనుక తేడా తెలియదు. తెలియకపోవడం వల్ల రెండు రకాల నష్టం జరుగుతుంది. ఆయమ్మ చాలినచోట స్టాఫ్ నర్సుకు జీతమిచ్చి రెండు నెలలకే చేతులెత్తేసే కుటుంబాలు ఉన్నాయి. స్టాఫ్ నర్సు తప్పనిసరిగా ఉండవలసినచోట ఆయమ్మను కూర్చోబెట్టి రోగిని ప్రమాదంలోకి నెట్టే కుటుంబాలూ ఉన్నాయి.

ముందుగా చూసుకోవలసినవి

జబ్బు పేరును బట్టి ఈ ఎంపిక చేయలేము. పక్షవాతం వచ్చిన ఇద్దరిలో ఒకరు కర్ర పట్టుకుని బాత్రూముకు నడుస్తారు, మరొకరు గుటక కూడా వేయలేరు. కాబట్టి ఒక కాగితం తీసుకుని, రోగికి 24 గంటల్లో చేయవలసిన పనులన్నీ గంటల వారీగా రాయండి. ఒంటి మీద ఏయే గొట్టాలు ఉన్నాయో, ఎక్కడ పుండ్లు, కుట్లు ఉన్నాయో, ఏ మందు నోటితో, ఏది సూదితో ఇవ్వాలో ఆ కాగితంలో ఉండాలి. డిశ్చార్జ్ సమ్మరీ ఇంగ్లీషులో ఉంటుంది గనుక, వార్డు సిస్టరును పక్కన కూర్చోబెట్టుకుని ఈ పట్టికను తెలుగులో రాయించుకోవడం మేలు.

పట్టిక పూర్తయ్యాక ప్రతి పని పక్కనా ఒకే ప్రశ్న వేసుకోవాలి. ఇది తప్పితే, లేదా ఆలస్యమైతే, ప్రమాదం ఎంతసేపట్లో ముంచుకొస్తుంది? గొంతు దగ్గర అమర్చిన ట్రాకియాస్టమీ గొట్టంలో కఫం గడ్డకట్టి అడ్డుపడితే నిమిషాల్లో ప్రాణం మీదికి వస్తుంది. ఇన్సులిన్ మోతాదు ఎక్కువైనా, ఇన్సులిన్ వేసి భోజనం పెట్టకపోయినా గంటా రెండు గంటల్లో షుగర్ పడిపోతుంది. మూత్రపు పైపు మూసుకుపోతే కొన్ని గంటల్లో పొత్తికడుపు ఉబ్బి రోగి తల్లడిల్లుతారు. రోగిని పక్కకు తిప్పకపోతే తొలి రోజుల్లో చర్మం ఎర్రబడుతుంది, ఆ తర్వాత పుండు పడుతుంది, ఆ పుండు మానడానికి నెలలు పడుతుంది. నిమిషాల ప్రమాదం ఉన్నచోట దాన్ని గుర్తించి అక్కడికక్కడే సరిచేయగల మనిషి పక్కనే ఉండాలి. గంటల ప్రమాదానికి, గుర్తుపట్టి ఫోన్ చేయగల మనిషి ఉంటే, ఆ ఫోన్ అందుకుని వచ్చేవారు ఉంటే సరిపోతుంది. రోజుల మీద పెరిగే ప్రమాదానికి కావలసింది, అదే పనిని విసుక్కోకుండా రాత్రింబవళ్ళు చేసే చేతులు. ఈ ముగ్గురూ ఒకే మనిషిలో దొరకాలని వెతకడమే చాలా ఇళ్ళలో ఇబ్బందికి మూలమని నేను గట్టిగా నమ్ముతున్నాను.

మిగిలిన విషయాలు తొందరగానే తేలుతాయి. రోగి బరువెంత, ఎత్తడానికి ఇంట్లో రెండో మనిషి ఉన్నారా అన్నది ఒకటి. రాత్రి పూట ఆసుపత్రి ఎంత దూరం అన్నది మరొకటి. అలిపిరి దగ్గరి ఇంటికీ, వి.కోట పక్కన పల్లెలోని ఇంటికీ ఈ విషయంలో పోలికే లేదు. స్నానం, డయాపరు మార్చడం వంటివి ఎవరు చేస్తే రోగికి సిగ్గుగా అనిపించదో రోగినే అడగాలి, ఎందుకంటే కొందరు పెద్దవాళ్ళు కోడలి చేత చేయించుకోవడానికి ఇష్టపడక, అవసరం చెప్పకుండా తడిలోనే పడుకుని ఉంటారు. ఖర్చును మాత్రం మొదటి వారానికి కాకుండా ఆరు నెలలకు లెక్కవేయాలి.

ఏ పని ఎవరు చేయవచ్చు

| పని | కుటుంబసభ్యులు | ఆయమ్మ / అటెండరు | ఏఎన్‌ఎం | స్టాఫ్ నర్సు |
|---|---|---|---|---|
| పక్కకు తిప్పడం, ఒళ్ళు తుడవడం, డయాపరు | చేయగలరు, ఒక్కరికే భారం | వీరి ప్రధానమైన పని | ముందే మాట్లాడుకోవాలి | ముందే మాట్లాడుకోవాలి |
| ముక్కు గొట్టం ద్వారా ఆహారం | నేర్చుకుని చేయవచ్చు | నర్సు చూస్తుండగా చేసి చూపిన తర్వాతే | చేయగలరు | చేయగలరు |
| ఊడిన ముక్కు గొట్టం మళ్ళీ వేయడం | వద్దు | వద్దు | వద్దు | చేయగలరు |
| ఇన్సులిన్ | నేర్చుకుని చేయవచ్చు | వద్దు | చేయగలరు | చేయగలరు |
| మూత్రపు పైపు మార్చడం | వద్దు | వద్దు | ఆ అనుభవం ఉంటేనే | చేయగలరు |
| పడకపుండుకు కట్టు | పైపైన ఉన్నదైతే నేర్చుకుని | వద్దు | చేయగలరు | లోతైన పుండుకు వీరే |
| ట్రాకియాస్టమీ సక్షన్ (గొట్టంలోని కఫాన్ని యంత్రంతో పీల్చి తీయడం) | ఆసుపత్రిలో పూర్తి శిక్షణ పొందితేనే | వద్దు | వద్దు | ఐసీయూలో పనిచేసినవారు |
| సెలైన్, నరానికి ఇంజెక్షన్ | వద్దు | వద్దు | వద్దు | డాక్టరు రాసి ఇచ్చినప్పుడే |

పట్టికలో "వద్దు" అని ఉన్న పనిని చేసేస్తామని ధైర్యంగా చెప్పే మనుషులు తప్పకుండా తారసపడతారు. ఊడిపోయిన ముక్కు గొట్టాన్ని ఊళ్ళోని ఆర్‌ఎంపీ చేత వేయించడం పల్లెల్లో మామూలైపోయింది. గొట్టం కడుపులోకి బదులు ఊపిరితిత్తుల దారిలోకి పోయి, అది తెలియకుండా పాలు పోస్తే రోగి బతకడం కష్టం. గొట్టం వేశాక లోపలి ద్రవాన్ని వెనక్కి లాగి ఆమ్లత్వం చూసో, ఎక్స్‌రే తీసో స్థానాన్ని నిర్ధారించుకోవాలని చెప్పేది ఇందుకే.

ఆయమ్మ లేదా అటెండరు

ఈ పనిని చిన్నచూపు చూడడం సరికాదు. మంచాన పడిన రోగి ఇంట్లో బాగుపడతారా, క్షీణిస్తారా అన్నది చాలావరకు ఆయమ్మ పనితనం మీదనే ఆధారపడి ఉంటుంది. రెండు గంటలకొకసారి రోగిని ఎడమకు, వెల్లకిలా, కుడికి మార్చాలి. పక్కకు తిప్పినప్పుడు వీపు వెనుక ఒక దిండు, మోకాళ్ళ మధ్య ఒక దిండు పెట్టి, మడమలు పరుపుకు ఆనకుండా పిక్కల కింద మరొకటి ఉంచాలి. దుప్పటిలో ముడతలు ఉండకూడదు. నడుము కింది ఎముక, తుంటి, మడమలు, భుజం ఎముకలు, తల వెనుక భాగం రోజుకు ఒకసారైనా వెలుతురులో చూడాలి. ఎర్రబడిన చోట వేలితో నొక్కి తీసినప్పుడు తెల్లబడకుండా ఎర్రగానే ఉంటే పుండు మొదలైనట్టే. నల్లని చర్మం మీద ఎరుపు కనపడకపోవచ్చు. చుట్టూ ఉన్న చర్మం కంటే అక్కడ వేడిగానో గట్టిగానో ఉందేమో తాకి చూడాలి. అలాంటి చోట నూనె పెట్టి గట్టిగా మర్దన చేయడం మన ఇళ్ళలో అలవాటు. దాని వల్ల లోపలి కణజాలం ఇంకా దెబ్బతింటుంది. నడుము కింద పెట్టే గాలి రింగు కూడా మంచిది కాదు, ఎందుకంటే అది చుట్టూ ఒత్తిడి పెంచి మధ్య భాగానికి రక్తం అందకుండా చేస్తుంది. గాలి పరుపు ఉపయోగపడుతుంది గానీ, అది ఉందని తిప్పడం మానకూడదు.

పక్షవాతం రోగిని లేపేటప్పుడు చచ్చుబడిన చేతిని పట్టి లాగితే భుజం కీలు జారవచ్చు. ఈ ఒక్క విషయం తెలిసిన ఆయమ్మకూ తెలియని ఆయమ్మకూ ఉన్న తేడా రోగి అనుభవించే నొప్పిలో కనిపిస్తుంది. పనిలోకి తీసుకునే ముందు, కబుర్లు అడగకుండా, రోగిని మంచం మీద ఒకసారి పక్కకు తిప్పి చూపమనండి. చేతులు ఎక్కడ వేస్తున్నారో, చెప్పి తిప్పుతున్నారో చెప్పకుండా తిప్పుతున్నారో చూస్తే చాలా తెలిసిపోతుంది.

ఆమెకు ఇవ్వకూడనిది మందుల మీద నిర్ణయం. బీపీ మాత్ర ఈ పూట వేయాలా ఆపాలా, జ్వరం ఎందుకు వచ్చింది వంటివి ఆమె చేత తేల్చించకూడదు. చూసి చెప్పడం వరకే ఆమె బాధ్యత. అలా చూసి చెప్పినప్పుడు ఇంట్లోవాళ్ళు పట్టించుకోవాలి.

ఏఎన్‌ఎం

ఏఎన్‌ఎం కోర్సు ప్రధానంగా తల్లీబిడ్డల ఆరోగ్యం, టీకాలు, ఊళ్ళలోని ప్రాథమిక సేవల కోసం రూపుదిద్దుకున్నది. బీపీ, షుగర్ చూడడం, కండకు ఇంజెక్షన్ ఇవ్వడం, మామూలు గాయానికి కట్టు కట్టడం వీరికి బాగా వచ్చు. నడవగలిగినా మందులు గుర్తుండని షుగర్ రోగికి, ఆపరేషన్ గాయం మానుతున్నవారికి వీరు సరైన ఎంపిక. ఐసీయూ నుంచి వచ్చిన రోగికి వీరిని ఒంటరిగా పెట్టడం మాత్రం వారికీ అన్యాయమే.

2019 నుంచి గ్రామ, వార్డు సచివాలయాల్లో ప్రభుత్వ ఏఎన్‌ఎంలు పనిచేస్తున్నారు. వారు మీ ఇంట్లో డ్యూటీ చేయరు, చేయాలని అడగకూడదు. అయితే మంచాన పడిన రోగి ఉన్నారని వారికి తెలియజేస్తే, ఇంటి సందర్శనలో బీపీ, షుగర్ చూసి, ఊళ్ళోని ఆరోగ్య కేంద్రానికి విషయం చేరవేస్తారు. దూరపు పల్లెల్లో ఇదొక పెద్ద ఆసరా.

స్టాఫ్ నర్సు

జీఎన్‌ఎం మూడేళ్ళు, బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్ళు. ఇద్దరూ నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్టరు అయినవారే గనుక, ఇంట్లో రోగి సేవకు వచ్చేటప్పుడు డిగ్రీలోని తేడా కంటే, గత రెండు మూడేళ్ళు ఏ వార్డులో పనిచేశారన్నదే నేను ముందు చూస్తాను. న్యూరో వార్డులో, ఐసీయూలో పనిచేసిన జీఎన్‌ఎం నర్సు, ఔట్‌పేషెంట్ విభాగంలోనే పనిచేసిన బీఎస్సీ నర్సు కంటే ట్రాకియాస్టమీ రోగికి ఎక్కువ ఉపయోగపడతారు.

ట్రాకియాస్టమీ ఉన్న రోగి విషయంలో, కనీసం మొదటి వారాల్లో, పగలూ రాత్రీ స్టాఫ్ నర్సే ఉండాలి. సక్షన్ గొట్టాన్ని శుభ్రమైన పద్ధతిలో లోపలికి పంపి, వెనక్కి తీసేటప్పుడు మాత్రమే పీలుస్తూ, మొత్తం 10 నుంచి 15 సెకన్లు దాటకుండా ముగించాలి. అంతకు మించితే ఊపిరితిత్తుల్లోని ఆక్సిజన్ కూడా బయటికి పోతుంది. మళ్ళీ పీల్చే ముందు రోగి తేరుకునే వరకు ఆగాలి. లోపలి గొట్టాన్ని కడగడం, కఫం ఎండిపోకుండా తేమ అందించడం, అదే సైజు గొట్టం ఒకటి, ఒక సైజు చిన్నది మరొకటి మంచం పక్కనే సిద్ధంగా ఉంచడం, కరెంటు పోతే నడిచే సక్షన్ యంత్రం ఉందో లేదో చూడడం కూడా ఈ పనిలో భాగమే. ఒకే నర్సు చేత 24 గంటలూ చేయిస్తే, తెల్లవారుజామున మూడింటికి ఆమె కళ్ళు మూతపడతాయి. ఇద్దరిని 12 గంటల చొప్పున పెట్టలేని స్థితి ఉంటే, రోగిని ఇంకొన్ని రోజులు ఆసుపత్రిలోనే ఉంచమని డాక్టరును అడగడమే మంచిది. ఎన్టీఆర్ వైద్య సేవ (ఇదివరకటి ఆరోగ్యశ్రీ) కిందనో, బీమా కిందనో చికిత్స జరుగుతున్నప్పుడు ఈ మాట డిశ్చార్జ్ తేదీ ఖరారు కాకముందే అడగాలి.

స్టాఫ్ నర్సును పూర్తికాలం పెట్టుకోవలసిన ఇళ్ళు నిజానికి తక్కువ. మూత్రపు పైపు మార్చడానికి, లోతైన పుండుకు కట్టు కట్టడానికి, ముక్కు గొట్టం మార్చడానికి వారు వచ్చి వెళితే చాలు. పైపు రకాన్ని బట్టి మార్చే గడువు మారుతుంది. సిలికాన్ పైపు మామూలు రబ్బరు పైపు కంటే చాలా ఎక్కువ వారాలు ఉంటుంది. కాబట్టి ఏది వేశారో, ఏ తేదీన వేశారో సమ్మరీ మీద రాయించుకోండి. మిగిలిన రోజుల్లో మూత్రపు సంచి నడుము కంటే దిగువన వేలాడేలా, నేలకు తాకకుండా చూసుకోవడం ఆయమ్మ చేయగల పనే.

కుటుంబసభ్యులు నేర్చుకోవలసినవి

ఎవరిని పెట్టుకున్నా, వారు రాని రోజు ఒకటి వస్తుంది. సంక్రాంతికి, గంగజాతరకు ఆయమ్మ ఊరికి వెళ్ళడం న్యాయమే. అందుకే ఇంట్లో ఇద్దరైనా రెండు మూడు పనులు నేర్చుకోవాలి. డిశ్చార్జ్‌కు రెండు మూడు రోజుల ముందే వార్డు సిస్టరు చేస్తుండగా చూసి, తర్వాత ఆమె ఎదుట మీరే చేసి చూపించి, తప్పులు దిద్దించుకోండి. చూసి వచ్చినంత మాత్రాన చేతికి పని రాదు.

ముక్కు గొట్టంతో ఆహారం ఇచ్చేటప్పుడు తలవైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి ఉంచాలి. ఇచ్చాక కూడా అరగంట నుంచి గంట వరకు అలాగే ఉంచాలి. ముక్కు దగ్గర గొట్టం మీద పెట్టిన గుర్తు జరిగిందేమో ప్రతిసారీ చూడాలి. జరిగితే, లేదా ఆహారం పోస్తుండగా దగ్గు వచ్చినా పెదవులు నీలంగా మారినా, వెంటనే ఆపాలి.

ఇన్సులిన్ విషయంలో ఒక ప్రమాదం ఎవరూ చెప్పకుండానే ఇంటికి వస్తుంది. మన దేశంలో ఇన్సులిన్ సీసాలు మిల్లీలీటరుకు 40 యూనిట్లవీ, 100 యూనిట్లవీ రెండూ దొరుకుతాయి. 40కి ఎర్ర మూత సిరంజి, 100కి నారింజ మూత సిరంజి. 100 యూనిట్ల ఇన్సులిన్‌ను 40 సిరంజితో గీత చూసి లాగితే రెండున్నర రెట్లు మోతాదు ఒంట్లోకి పోతుంది. మందుల దుకాణంలో సీసా మీది అంకె, సిరంజి మీది అంకె ఒకటేనా అని ప్రతిసారీ సరిచూసుకోండి. ఇన్సులిన్ వేసుకునే రోగికి చెమటలు, వణుకు, అయోమయం కనిపిస్తే షుగర్ చూడాలి. 70 కంటే తక్కువ ఉండి, మింగగలిగితే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి ఇవ్వాలి. మింగలేని, స్పృహ తప్పిన మనిషి నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి.

ఏ ఇంటికి ఏ ఏర్పాటు

తిరుపతిలో అపార్టుమెంటులో ఉంటూ భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు వెళ్ళే ఇంట్లో, ముక్కు గొట్టం, మూత్రపు పైపు ఉన్న పక్షవాతం రోగికి, పగలు అనుభవమున్న ఆయమ్మ, వారానికి ఒకసారి వచ్చి వెళ్ళే స్టాఫ్ నర్సు, రాత్రి తిప్పడానికి అలారం పెట్టుకున్న కుటుంబసభ్యులు కలిస్తే నేను సంతృప్తిపడతాను. ఒంటరిగా స్టాఫ్ నర్సును పెట్టుకోవడం కంటే ఇది సాధారణంగా చవక. పుండ్లు పడకుండా చూడడంలో అంతకంటే మెరుగు కూడా.

పిల్లలు విదేశాల్లోనో, బెంగళూరులోనో ఉండి వృద్ధ దంపతులు మాత్రమే ఉన్న ఇంట్లో లెక్క మారుతుంది. అక్కడ రెండో జత చేతులు లేవు, ఏది మామూలో ఏది ప్రమాదమో నిర్ణయించేవారూ లేరు. అలాంటి చోట ఖర్చు ఎక్కువైనా మొదటి నెల స్టాఫ్ నర్సును, తర్వాత ఏఎన్‌ఎంను పెట్టుకోవడం మంచిది. రోజూ ఒకే వేళకు బీపీ, షుగర్, జ్వరం, ఆహారం, మూత్రం ఒక నోటు పుస్తకంలో రాయించి, ఆ పేజీ ఫోటో పిల్లలకు పంపమనాలి.

ఆసుపత్రికి దూరంగా, కుప్పం దారిలోనో సత్యవేడు వైపునో ఉన్న పల్లెలో, ఇంట్లో నలుగురు మనుషులు ఉంటే, డబ్బు జీతాల మీద కంటే శిక్షణ మీద, వస్తువుల మీద పెట్టడం మేలు. వెనుక భాగం ఎత్తే మంచం, గాలి పరుపు, షుగర్ మిషన్, వేలికి పెట్టే ఆక్సీమీటరు కొనుక్కోవచ్చు. ఆక్సిజన్ యంత్రం మీద ఉన్న రోగికి ఎండాకాలపు కరెంటు కోతలను తలచుకుని సిలిండరు కూడా సిద్ధంగా ఉంచాలి. ట్రాకియాస్టమీ ఉన్న రోగిని మాత్రం అలాంటి ఊరికి వెంటనే తీసుకువెళ్ళవద్దు. కొన్ని వారాలు తిరుపతిలోనో చిత్తూరులోనో ఆసుపత్రికి దగ్గరగా అద్దె ఇంట్లో ఉండగలిగితే ఆ ఖర్చు వృథా కాదు.

మాట్లాడుకునేటప్పుడు

నర్సునని చెప్పిన ప్రతి ఒక్కరినీ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ పత్రం చూపమని అడగండి. నిజమైన నర్సు దానికి నొచ్చుకోరు. ఒంటి మీద చేయి వేసే ముందు చేతులు కడుక్కుంటున్నారా అన్నది మొదటి రోజే గమనించండి. డ్యూటీ వేళలు, వారంలో సెలవు, భోజనం, పడుకునే చోటు, బట్టలు ఉతకడం వంటి ఇంటిపనులు ఇందులో లేవన్న సంగతి మొదటే స్పష్టంగా మాట్లాడుకోవాలి. రోగి సేవకు వచ్చిన మనిషి చేత అంట్లు తోమిస్తే, ఆ వేళకు రోగిని తిప్పేవారు ఉండరు.

ఈ ఏర్పాటును ప్రతి రెండు వారాలకూ తిరిగి చూసుకోండి. ముక్కు గొట్టం తీసి నోటితో తినిపించమన్న రోజున నర్సు అవసరం తగ్గవచ్చు గానీ, ఆ తొలి రోజుల్లో ఆహారం ఊపిరితిత్తుల్లోకి జారే ప్రమాదం ఉంటుంది గనుక, మింగే శక్తిని డాక్టరో స్పీచ్ థెరపిస్టో పరీక్షించి చెప్పే వరకు నర్సును మాన్పించవద్దు.